లాంచీకి ట్రాన్స్‌పాండర్ కొంటే సరిపోదు, యాంటెన్నా సరిగా బిగించాలి

సంపాదకుల గారికి నమస్కారములు.

వరద దిగి నాగార్జున సాగర్ జలాశయం నిండిన ఏడాదల్లా సాగర్ నుంచి శ్రీశైలానికి, ఎగువన సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీ ప్రయాణాలు సాగుతాయి. హైదరాబాదు నుంచి, మా నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే పిల్లాపాపలతో వచ్చి వాటిలో ఎక్కుతాయి. నల్లమల కొండల మధ్య గంటల తరబడి నీటి మీద ఉండే లాంచీ ఏ క్షణాన ఎక్కడ ఉన్నదో రేవులో ఉన్నవారికి తెలియాలి. అందుకోసం సముద్రంలో ఓడలు వాడే గుర్తింపు ట్రాన్స్‌పాండర్లను మన జలాశయాల్లో తిరిగే ప్రయాణికుల లాంచీలన్నింటికీ అమర్చాలని ప్రభుత్వాన్ని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. అయితే పెట్టె కొని గోడకు తగిలించినంత మాత్రాన పని పూర్తి కాదనీ, యాంటెన్నా, కేబుల్, ఒడ్డున ఉండే రిసీవర్ల విషయంలో అశ్రద్ధ చేస్తే ఖర్చంతా నీళ్లపాలవుతుందనీ చెప్పడమే నా ముఖ్య ఉద్దేశం. ముప్పై ఏళ్లకు పైగా వైర్‌లెస్ సెట్లు, యాంటెన్నాల పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిగా ఈ మాట చెప్పే బాధ్యత నాకున్నదని భావిస్తున్నాను.

ఈ పరికరాన్ని ఏఐఎస్, అంటే ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టం అంటారు. ఇది జీపీఎస్ ద్వారా తన స్థానాన్ని, వేగాన్ని, దిశను తెలుసుకుని, పడవ పేరును, గుర్తింపు సంఖ్యను కలిపి వీహెచ్ఎఫ్ (అతి అధిక పౌనఃపున్య) రేడియో తరంగాలపై దానంతట అదే ప్రసారం చేస్తుంది. ఇందుకు ప్రపంచమంతటా 161.975, 162.025 మెగాహెర్ట్జ్ అనే రెండు చానళ్లను కేటాయించారు. ఒక్కో చానల్లో నిమిషాన్ని 2,250 చిన్న వంతులుగా విభజించి, ఒక పడవ మాట్లాడుతున్నప్పుడు మరో పడవ అడ్డు రాకుండా వంతుల వారీగా ప్రసారం జరిగేలా రూపొందించారు. మన జలాశయాల్లో ఎన్ని లాంచీలు తిరిగినా ఆ చానళ్లకు రద్దీ అన్న మాటే ఉండదు. సెల్‌ఫోన్‌లో స్థానం పంపుకుంటే చాలదా అని అడిగేవారున్నారు. నల్లమల లోయలోకి ప్రవేశించిన తరువాత చాలా దూరం ఫోన్ సిగ్నల్ అందదన్న సంగతి ఆ దారిలో ప్రయాణించిన వారందరికీ అనుభవమే. ఏఐఎస్‌కు సెల్ టవరుతో పని లేదు. ఎదురుగా వచ్చే రెండు లాంచీలు మధ్యలో మూడో సాధనం లేకుండానే ఒకదాన్నొకటి తెరమీద చూసుకోగలవు.

సోలాస్ అనే అంతర్జాతీయ సముద్రయాన భద్రతా ఒప్పందం ప్రకారం విదేశీ యాత్ర చేసే 300 టన్నుల పైబడిన ఓడలకు, పరిమాణంతో నిమిత్తం లేకుండా ప్రయాణికుల ఓడలకు ఈ పరికరం తప్పనిసరి. 2008 ముంబయి దాడుల తరువాత మన దేశంలో 20 మీటర్లకు మించిన చేపల వేట పడవలకు కూడా దీన్ని తప్పనిసరి చేశారు. ఇవన్నీ సముద్రానికి సంబంధించిన నిబంధనలు కనుక కృష్ణానదిలోని మన లాంచీలకు వర్తించవు. అలాగని ఇది మనకు సంబంధం లేని విషయమని వదిలేయడానికి వీల్లేదు. 2016 జాతీయ జలమార్గాల చట్టం కృష్ణానదిలో కర్ణాటకలోని గలగలి నుంచి మన దామరచర్ల మండలం వజీరాబాదు దాకా ఉన్న భాగాన్ని కూడా నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చింది. అంటే జూరాల, సోమశిల, శ్రీశైలం, సాగర్ నీళ్లన్నీ కాగితం మీద జాతీయ జలమార్గమే. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో వచ్చిన అంతర్గత జలయానాల చట్టం నది పడవల రిజిస్ట్రేషన్, తనిఖీ, భద్రతా సామగ్రి విషయాలను దేశమంతటా ఒకే తీరుకు తెచ్చింది. గంగానదిలో హల్దియా నుంచి ఫరక్కా దాకా ఇదే ఏఐఎస్ ఆధారంగా నదీ సమాచార వ్యవస్థ 2016లోనే మొదలయింది. అక్కడ సాధ్యమైనది మన దగ్గర ఎందుకు సాధ్యం కాదు?

ఇక అసలు విషయానికి వస్తాను. చిన్న పడవలకు క్లాస్ బి అనే రకం పరికరం సరిపోతుంది. ఇందులో పాత తరహాది 2 వాట్ల శక్తితో, కొత్త తరహాది 5 వాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. పెద్ద ఓడల క్లాస్ ఎ పరికరం 12.5 వాట్లు వాడుతుంది. రెండు వాట్లు అంటే చాలా తక్కువ శక్తి. ఆ కొద్దిపాటి శక్తిలో ఎంత భాగం యాంటెన్నా దాకా చేరుతుందన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ పది మీటర్లు లాగితే ఈ తరంగాల దగ్గర శక్తిలో మూడో వంతుకు పైగా ఆ కేబుల్లోనే వేడిగా మారి పోతుంది. అదే పొడవు మందపాటి ఆర్‌జీ-213 కేబుల్ వేస్తే పోయేది ఐదో వంతు మాత్రమే. మొత్తం ఖర్చులో ఈ రెండు కేబుళ్ల ధరల తేడా లెక్కలోకి రానిది. అయినా గుత్తేదారు మిగుల్చుకునేది సరిగ్గా అక్కడే. ఎందుకంటే టెండరులో పెట్టె పేరు, మోడల్ వివరంగా రాసి, కేబుల్ దగ్గరికి వచ్చేసరికి 'తగిన కేబుల్' అని ఒక్క మాటతో సరిపెడతారు.

ఇటీవల ఒక ప్రైవేటు మరబోటులో వైర్‌లెస్ సెట్ పలకడం లేదని పిలిస్తే వెళ్లి చూశాను. సెట్ బ్రహ్మాండంగా పనిచేస్తున్నది. యాంటెన్నాను మాత్రం రేకుల పైకప్పు అంచున ఉన్న ఇనుప కడ్డీకి బైండింగ్ వైరుతో ఆనించి కట్టారు. కేబుల్ చివర ప్లగ్గు మీద చుట్టిన మామూలు నల్ల టేపు ఎండకు జిగురు వదిలి విచ్చుకుపోయింది. ప్లగ్గు విప్పితే లోపలి రాగి జడ పచ్చగా చిలుము పట్టి, వేలు తగిలితే పొడిలా రాలింది. మీటరు పెట్టి చూస్తే, శక్తి ఎంత వెనక్కి వస్తున్నదో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మూడు దాటి ఉన్నది. మూడు అంటే పంపిన శక్తిలో నాలుగో వంతు గాలిలోకి పోకుండా తిరిగి సెట్లోకే వస్తున్నదని అర్థం. ఆ బోటులో సెట్ అమర్చినవారి ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. పని అప్పగించిన రోజున మీటరు పెట్టి చూడమని వారికి ఎవరూ చెప్పలేదు, చూడనందుకు ఎవరూ అడగలేదు. ఆ ఒక్క కడ్డీ మీద ఆధారపడి ఎందరు ప్రయాణించారో తలుచుకుంటే మాత్రం మనసు కుదుటపడదు.

యాంటెన్నా ఎక్కడ, ఎలా పెట్టాలన్నదానికి తెలిసిన పద్ధతి ఉన్నది. పడవ మీద వీలైనంత ఎత్తున, రేకులకు, ఇనుప గొట్టాలకు దూరంగా, నిట్టనిలువుగా ఉండాలి. మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ సెట్ యాంటెన్నా కూడా అదే పైకప్పు మీద ఉంటే రెండూ పక్కపక్కన ఒకే ఎత్తులో ఉండకూడదు. పక్కనే ఉంటే ఒకటి మాట్లాడినప్పుడల్లా రెండోదానికి చెవుడు వస్తుంది. కనుక ఒకదానిని పైన, మరొకదానిని కింద పెట్టి ఎడం ఇవ్వాలి. ఒకే యాంటెన్నాను రెండింటికీ వాడదలిస్తే ఏఐఎస్ కోసమే తయారైన స్ప్లిటర్ వాడాలే తప్ప టీవీ కేబుళ్లకు వాడే జంక్షన్ ముక్క పనికిరాదు. యాంటెన్నా తగిలించకుండా సెట్ ఆన్ చేయకూడదని నేర్పవలసిన పని కూడా ఉన్నది. సముద్రపు వీహెచ్ఎఫ్ యాంటెన్నాలు సాధారణంగా 156.8 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల సరిచేసి ఉంటాయి కాబట్టి, 162కు సరిచేసిన యాంటెన్నానే అడిగి తీసుకోవడం మంచిది. మరొక మాట. దుకాణంలో ఎక్కువ గెయిన్ (తరంగాలను ఒక దిశలో కేంద్రీకరించే గుణం) ఉన్న పొడవాటి యాంటెన్నా గొప్పదని చెబుతారు. అది తరంగాలను పల్చని పళ్లెంలా అడ్డంగా పరుస్తుంది. గాలికి లాంచీ ఒరిగినప్పుడు ఆ పళ్లెం ఒక పక్క నీళ్లలోకి, మరో పక్క ఆకాశంలోకి పోతుంది. పైగా మన లోయలో రిసీవర్లు కొండల మీద, అంటే లాంచీకి ఏటవాలుగా పైన ఉండాలి. కనుక మూడు డెసిబెల్ గెయిన్ ఉన్న చిన్న యాంటెన్నాయే ఇక్కడికి సరైనదని నా అభిప్రాయం.

జీపీఎస్ యాంటెన్నాకు ఆకాశం కనిపించాలి. ఫైబర్ పైకప్పు కింద అది పనిచేయవచ్చు గానీ రేకు కింద పనిచేయదు. దాన్ని ఎత్తున కర్ర చివర పెట్టనవసరం లేదు. విద్యుత్తు సంగతికి వస్తే, ఈ పరికరం 12 వోల్టుల బ్యాటరీ మీద చాలా తక్కువ కరెంటుతో నడుస్తుంది. అయితే ఇంజను స్టార్టు చేసినప్పుడు బ్యాటరీ వోల్టేజీ ఒక్కసారిగా కుంగి సెట్ ఆగిపోకుండా వేరే బ్యాటరీ, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, తగినంత మందమైన వైరు ఉండాలి. మన నల్లగొండ ఎండల్లో మూసిన క్యాబిన్ ఎంత కాగుతుందో చెప్పనక్కరలేదు కనుక పెట్టెకు గాలి ఆడే చోటు చూడాలి. ప్లగ్గుల మీద మామూలు టేపు కాకుండా తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టి, కేబుల్ లోపలికి దిగే చోట నీటిబొట్టు కారి కింద పడేలా ఒక వంపు వదలాలి.

ఇంత చేసినా తరంగాలు కొండను దాటవు. అన్నింటికంటే పెద్ద చిక్కు ఇదే. చదునైన నీటి మీద నాలుగు మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు రేడియో దిగంతం, అంటే తరంగాలు నేరుగా చేరే హద్దు, సుమారు 8 కిలోమీటర్లు. అదే ఎత్తున్న రెండు లాంచీలు 16 కిలోమీటర్ల దూరం నుంచి ఒకదాన్నొకటి వినగలవు. నీటికి వంద మీటర్ల ఎత్తున ఒడ్డు మీద రిసీవరు పెడితే లెక్క ప్రకారం 49 కిలోమీటర్ల దాకా అందాలి. అయితే ఈ లెక్కలు సముద్రానివి. కృష్ణమ్మ నల్లమలను చీల్చుకుని వంకరలు తిరుగుతూ వచ్చే ఈ దారిలో ఒక్క మలుపు తిరిగితే మధ్యలో కొండ అడ్డం వస్తుంది, సంకేతం అక్కడే తెగిపోతుంది. 124 మీటర్ల ఎత్తున్న సాగర్ డ్యాం మీద ఒక రిసీవరు పెడితే చాలదా అని కొందరు అనుకోవచ్చు. ఆ ఎత్తు పునాది నుంచి లెక్కించినది. లాంచీలు తిరిగే రోజుల్లో నీటిమట్టం (సముద్రమట్టం నుంచి లెక్కించే) నిండు మట్టమైన 590 అడుగుల దగ్గర ఉంటే డ్యాం పైభాగం నీటికి కొద్ది మీటర్ల పైన మాత్రమే ఉంటుంది. దాని మీద పెట్టిన యాంటెన్నాకు నాగార్జున కొండ, దాని చుట్టూ పరచుకున్న వెడల్పాటి నీరు కనిపిస్తుంది తప్ప శ్రీశైలం డ్యాం దిగువన ఉన్న లింగాలగట్టు వైపు లోయ కనిపించదు.

అందువల్ల లోయ పొడవునా ఎత్తైన చోట్లు చూసి కొన్ని రిసీవర్లు పెట్టాలి. వాటి స్థానాలను హైదరాబాదులో కూర్చుని పటం మీద గుర్తించకుండా, ఒక లాంచీకి ట్రాన్స్‌పాండర్ బిగించి నడిపించి, ఎక్కడ వినిపిస్తున్నదో చూసి నిర్ణయించాలి. ఉత్తరపు ఒడ్డున అమ్రాబాద్, దక్షిణపు ఒడ్డున నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాలు ఉన్నాయి కనుక కొత్త టవర్లకు అనుమతులు దొరకడం కష్టం, అడవికీ మంచిది కాదు. ఇప్పటికే ఉన్న ప్రభుత్వ టవర్ల మీద, అటవీ శాఖ వాచ్ టవర్ల మీద రిసీవర్లు పెట్టుకోవచ్చు. వినడానికి మాత్రమే పనికివచ్చే రిసీవరుకు ఒక చిన్న సోలార్ పలక, ఒక బ్యాటరీ సరిపోతాయి. నది రెండు రాష్ట్రాలకు సరిహద్దు. ఈ ఒడ్డు లాంచీలు మన తెర మీద, విజయపురి సౌత్ నుంచి బయలుదేరేవి ఆంధ్రప్రదేశ్ వారి తెర మీద విడివిడిగా కనిపిస్తే ప్రయోజనం సగమే. ప్రసారం ఏ రాష్ట్రపు లాంచీ చేసినా అందరికీ వినబడేదే కనుక, రెండు ఒడ్డుల రిసీవర్ల సమాచారాన్నీ ఒకేచోట కలిపి రెండు వైపులా చూపించడానికి రెండు ప్రభుత్వాల మధ్య ఒక ఒప్పందం చాలు.

ఈ వ్యవస్థ మీద అతి నమ్మకం పెట్టుకోవడం కూడా ప్రమాదకరమే. 2007 జనవరిలో సింగోటం జాతరకు నది దాటుతున్న పడవ మంచాలకట్ట దగ్గర మునిగి 60 మందికి పైగా చనిపోయిన దుర్ఘటనను కొల్లాపూర్ ప్రాంతం ఇంకా మరిచిపోలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటును బయటికి తీయడానికి నెల రోజులకు పైగా పట్టింది. మోయగలిగిన దానికన్నా ఎక్కువ మందిని ఎక్కించుకోవడాన్ని గానీ, లైఫ్ జాకెట్లు లేకపోవడాన్ని గానీ, వరదలో బయలుదేరడాన్ని గానీ ఏ ట్రాన్స్‌పాండరూ ఆపలేదు. మునిగే ముందు లాంచీ ఆఖరిసారి ఎక్కడ ఉన్నదన్న సంగతిని మాత్రం అది ఖచ్చితంగా చెబుతుంది. క్లాస్ బి పరికరం కదిలే పడవ స్థానాన్ని సాధారణంగా ముప్పై సెకన్లకొకసారి పంపుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే లాంచీ ఆ వ్యవధిలో కదిలేది 125 మీటర్లే. లోతు తెలియని లోయలో గాలించే గజ ఈతగాళ్లకు, రక్షక బృందాలకు ఆ 125 మీటర్ల సమాచారం ఎంత విలువైనదో వారినే అడగాలి. జలాశయం 590 అడుగుల నుంచి 510 అడుగుల కనీస మట్టం వైపు దిగుతున్న కొద్దీ, మునిగి ఉన్న గుట్టలు, బండలు పైకి తేలతాయి. అటువంటి చోట్లను ఒడ్డు నుంచే ఏఐఎస్ ద్వారా గుర్తులుగా ప్రసారం చేసి లాంచీ తెర మీద చూపించే వీలు కూడా ఈ వ్యవస్థలో ఉన్నది. ఇది మన జలాశయాలకు ఎంతో ఉపయోగపడుతుందని నా నమ్మకం.

చేపలు పట్టే పుట్టీల సంగతి వేరు. పుట్టికి బ్యాటరీ లేదు, కడ్డీ నిలపడానికి చోటు లేదు, పుట్టి ఖరీదుకు ఎన్నో రెట్లు పోసి క్లాస్ బి పరికరం కొనమనడం న్యాయం కాదు. దేవరకొండ వైపు నేరెడుగొమ్ము మండలంలో సాగర్ వెనక జలాల ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీలో, విశాఖ తీరం నుంచి ఎన్నడో వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. సముద్రంలో వేటాడే వారికి 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధానమంత్రి ప్రారంభించిన పథకం కింద ఇస్రో రూపొందించిన ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లు అందుతున్నాయి. తీరప్రాంత రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు కలిపి 13 చోట్ల లక్ష మోటారు పడవలకు వాటిని అమర్చడం లక్ష్యం. తీరం లేదు కనుక తెలంగాణ ఆ జాబితాలో లేదు. ఆ పరికరం ఉపగ్రహంతో మాట్లాడుతుంది కాబట్టి మధ్యలో కొండ అడ్డం వచ్చినా, పైన ఆకాశం తెరిచి ఉన్నంత మేరకు పనిచేస్తుంది. ఆపద వచ్చినప్పుడు కబురు పంపడానికి, తుఫాను హెచ్చరిక అందుకోవడానికి కూడా వీలుంటుంది. పెద్ద జలాశయాల్లో మోటారు పడవలతో వేటాడే వారికీ ఆ పథకాన్ని వర్తింపజేయాలని మన రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని అడగాలి. పుట్టీల వారికి మాత్రం లైఫ్ జాకెట్టు, మంచి టార్చి, దూరం నుంచి కనిపించే రంగు ముందుగా ఇవ్వాలి. లాంచీ సరంగు తెర మీద ఖాళీగా కనిపించిన నీటిలో పుట్టి ఉండవచ్చు కనుక, తెర ఉన్నంత మాత్రాన కళ్లతో చూసే కాపలా తగ్గకూడదు.

ప్రతి పరికరానికీ తొమ్మిది అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. భారతదేశానికి చెందిన సంఖ్యలు 419తో మొదలవుతాయి. దాన్ని, రేడియో లైసెన్సును ముందుగానే తీసుకోవాలి. సంఖ్యను ఒకసారి పరికరంలో ఎక్కించాక యజమాని తనంత తాను మార్చలేని పరికరాలే ఎక్కువ. కనుక ఒక లాంచీ నుంచి విప్పి ఇంకో లాంచీకి బిగించేటప్పుడు జాగ్రత్త తప్పనిసరి. పడవ పొడవు, వెడల్పు, జీపీఎస్ యాంటెన్నా ముందు కొస నుంచి, పక్కల నుంచి ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నదో కూడా నమోదు చేయాలి. చాలా చోట్ల వీటిని సున్నాలతో వదిలేస్తారు.

పర్యాటక శాఖ, నీటిపారుదల శాఖ ఈ పరికరాల కోసం టెండరు పిలిచే పక్షంలో కొన్ని షరతులను అందులోనే స్పష్టంగా రాయాలని మనవి చేస్తున్నాను. కేబుల్ రకం, పొడవు రాయాలి. యాంటెన్నా నీటికి ఎంత ఎత్తున ఉండాలో రాయాలి. ఎస్‌డబ్ల్యూఆర్ రెండుకు మించకూడదని రాసి, బిగించిన రోజున కొలిచిన అంకెను సంతకంతో సహా రిజిస్టరులో నమోదు చేయాలి. లాంచీని అప్పగించే ముందు గుత్తేదారు, సరంగు, రేవు అధికారి ముగ్గురూ అందులోనే సాగర్ నుంచి లింగాలగట్టు దాకా ఒకసారి ప్రయాణించి, సంకేతం ఎక్కడెక్కడ తెగిందో పటం మీద గుర్తించాలి. సోమశిల నుంచి పాతాళగంగ దాకా కూడా అదే విధంగా చేయాలి. ఆ పటం జతచేయని బిల్లుకు డబ్బు చెల్లించకూడదు. ప్రతి ఏటా లాంచీలు మొదలయ్యే ముందు ప్లగ్గులన్నీ విప్పి చూసి, అదే మీటరుతో మళ్లీ కొలిచి, నిరుటి అంకె పక్కన ఈ ఏటి అంకె రాయాలి. ఆ రిజిస్టరును టికెట్ కౌంటరు దగ్గర ప్రయాణికులు అడిగితే చూపించే చోట ఉంచాలి.

ఇట్లు,
విశ్రాంత వైర్‌లెస్ సాంకేతిక ఉద్యోగి,
హిల్ కాలనీ, నాగార్జున సాగర్,
నల్లగొండ జిల్లా.